బండి బాగాలేదని డ్రైవర్ రాస్తే ఆ బండి ఆగాలి: పోలీసు ఉన్నతాధికారులకు, హోం శాఖకు బహిరంగ లేఖ

రాష్ట్ర హోం శాఖ పెద్దలకు, వరంగల్‌తో పాటు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, కరీంనగర్ వైపు జిల్లాల పోలీసు ఉన్నతాధికారులకు నమస్కారం.

విషయం: పెట్రోలింగ్ బండ్ల కండిషన్, వాటిలో తిరిగే సిబ్బంది భద్రత, వాటి కోసం ఎదురుచూసే జనం భద్రత.

రాత్రిళ్లు మీ సిబ్బంది రోడ్ల మీద ఉన్నారన్న ధైర్యంతోనే మేం తలుపులేసుకుని పడుకుంటున్నాం. ఆ కృతజ్ఞత ఉంచుకునే ఈ లేఖ రాస్తున్నాం.

మేం హన్మకొండ నుంచి ములుగు వైపు వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి పక్కన కాలనీల్లో, ఊళ్లలో ఉండేవాళ్లం. అందరి తరఫున రాస్తున్న నేను ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ముందుగా సంబంధిత ఆఫీసులో వినతిపత్రం ఇచ్చాం. కాపీ మీద స్టాంపు వేసిచ్చారు, అంతటితో సరి. తర్వాత సమాచార హక్కు చట్టం కింద అడిగాం. "భద్రతా కారణాల దృష్ట్యా ఇవ్వలేం" అని ఒక్క ముక్క జవాబొచ్చింది. ఏ బండి ఏ రాత్రి ఎక్కడ తిరుగుతుందని మేం అడగలేదు. ఎన్నేళ్ల బండ్లు ఎన్నున్నాయి, ఎన్ని మూలకు పడ్డాయి, టైర్లు ఎప్పుడు మార్చారు అని మాత్రమే అడిగాం. టైరు వయసులో ఏం రహస్యం ఉందో నాకైతే అంతుపట్టలేదు. అందుకే మా గోడు ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాం. ఇందులో ఏ స్టేషన్ పేరూ, ఏ ఉద్యోగి పేరూ రాయడం లేదు. రాస్తే మెమో వచ్చేది ఆ డ్రైవర్‌కే.

మమ్మల్ని కదిలించిన సంఘటన ఇది. మిరప ఏరే కాలంలో తెల్లవారకముందే కూలీల ఆటోలు రోడ్డెక్కుతాయి. అలా పోతున్న ఒక ఆటోను వెనక నుంచి ఇసుక లారీ గుద్దింది. మావాళ్లు 108కి, 100కి ఫోన్లు చేశారు. అందరికంటే దగ్గర్లో ఉన్నది పెట్రోలింగ్ బండే. దానికి సెల్ఫ్ పడలేదు. ఇద్దరు కానిస్టేబుళ్లూ, ఛాయ్ హోటల్ దగ్గరున్నవాళ్లూ కలిసి తోస్తే గానీ స్టార్ట్ కాలేదు. ఈలోగా రోడ్డు మీద పడి ఉన్న ఆడవాళ్ల పక్క నుంచే లారీలు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. వాటిని ఆపడానికి యూనిఫాం వేసుకున్న మనిషి గానీ, ఎర్ర లైటు గానీ అక్కడ లేదు. తర్వాత అంబులెన్స్ వచ్చి వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయింది. వాళ్లలో ఒకామె ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేదు. పోలీసు బండి ఆలస్యం వల్లే అలా అయిందని అనను, నేను డాక్టర్ని కాదు. కానీ ట్రాఫిక్ ఆపేవాళ్లు లేక, భయంతో ఆమెను రెక్క పట్టుకుని పక్కకు ఈడ్చారు. అది మాత్రం కళ్లారా చూశాను.

ఆ కానిస్టేబుళ్ల మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. బ్యాటరీ బాగాలేదని చాలా రోజుల నుంచి చెబుతూనే ఉన్నామని వాళ్లే అన్నారు. చెప్పిన మాట ఎక్కడికి పోయింది? ఈ లేఖ అంతా ఆ ప్రశ్న గురించే. బండ్ల వల్ల సామాన్యులకు వస్తున్న కష్టనష్టాలను వరసగా రాస్తున్నాను.

1. ఫోన్ కలిసినా బండి రాదు.

100కి కొట్టినా, 112కి కొట్టినా ఫోన్ ఎత్తుతున్నారు, మాట్లాడుతున్నారు. అక్కడిదాకా మెచ్చుకోవాల్సిందే. ఆ తర్వాత కదలాల్సింది బండి. పెట్రోలింగ్ బండి పని మన ఇంటి కారు పని లాంటిది కాదు. గంటల తరబడి చౌరస్తాలో నిలబడి ఉంటుంది. పైన బీకన్ లైటు, లోపల వైర్‌లెస్ సెట్, ట్యాబ్, జీపీఎస్, వాటికి తోడు మూడు నాలుగు ఫోన్ల చార్జింగ్, అన్నీ ఒక్క బ్యాటరీ మీదే. ఇంజన్ ఆపితే బ్యాటరీ దిగుతుంది. ఆపకపోతే ఇంజన్ అరుగుతుంది. ఇంజన్ ఆన్‌లో ఉంచి గంట సేపు నిలబెడితే దాదాపు 33 మైళ్లు, అంటే 50 కిలోమీటర్ల పైచిలుకు నడిచినంత అరుగుదల అని ఫోర్డ్ కంపెనీ తన పోలీసు వాహనాల విషయంలో లెక్క చెబుతుంది. మన దగ్గర సర్వీసింగ్ లెక్కంతా మీటర్‌లో కిలోమీటర్లను బట్టే. మీటర్ తక్కువే చూపిస్తుంది, లోపల ఆయిల్ మాత్రం తారులా మారి ఉంటుంది. ఎండాకాలంలో రామగుండం, భూపాలపల్లి వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ వేడికి బ్యాటరీ ఆయుష్షు ఇంకా తగ్గుతుంది. హైదరాబాద్ లెక్కన ఇక్కడ బ్యాటరీ మారుస్తామంటే కుదరదు.

జాతర రోజుల సంగతి వేరే చెప్పాలి. రెండేళ్లకోసారి మేడారం బందోబస్తుకు ఉన్న మంచి బండ్లన్నీ తాడ్వాయి వైపు పోతాయి. అవి పోవాల్సిందే, అక్కడ లక్షల మంది ఉంటారు. ఆ నాలుగు రోజులూ ఊళ్లల్లో స్టేషన్లకు మిగిలేది ఎవరికీ అక్కర్లేని బండి.

2. వచ్చినా ఆగుతుందన్న నమ్మకం లేదు.

నేను సర్వీసులో ఉన్నంత కాలం కుర్ర మెకానిక్‌లకు ఒకటే చెప్పేవాణ్ని: స్టార్ట్ కాని బండి కంటే ఆగని బండి ప్రమాదం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వ నిబంధన ప్రకారం కారు, జీపు లాంటి వాటి టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. స్టేషన్ల ముందు ఆగి ఉన్న కొన్ని బండ్ల టైర్లు చూశాను. గాడిలో రూపాయి బిళ్ల అంచు కూడా దిగేలా లేదు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ ఏ వారంలో తయారైందో, చివరి రెండూ ఏ సంవత్సరమో చెబుతాయి. ఇది చదవడానికి ఇంజనీర్ అక్కర్లేదు, మీ స్టేషన్ రైటర్ కూడా నిమిషంలో చూసి రాసిపెట్టగలడు.

బ్రేక్ ఆయిల్ సంగతి ఇంకా మోసం. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే మామూలు రోజుల్లో తేడా తెలియదు. వెంటాడే సమయంలో బ్రేక్ మీద బ్రేక్ వేసినప్పుడు వేడెక్కి, లోపల ఆవిరి బుడగలు పుట్టి పెడల్ ఒక్కసారిగా కిందికి పోతుంది. అప్పుడు ముందున్నది దొంగ బండే కానక్కర్లేదు, బడి పిల్లల ఆటో కావచ్చు.

వానాకాలం గుర్తు చేసుకోండి. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి నీట మునిగింది. అలాంటి రాత్రి వాగుల దగ్గర అడ్డంగా నిలబడి జనాన్ని ఆపాల్సింది మీ బండ్లే. గుండు టైర్లతో, నీళ్లు తగిలితే ఆగిపోయే వైరింగ్‌తో వాళ్లను వాగు ఒడ్డుకు పంపడం ఏం న్యాయం?

3. బండి సంగతి తెలిసినవాడికి దాన్ని ఆపే అధికారం లేదు.

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. ఆర్టీసీలో డ్యూటీ దిగిన డ్రైవర్ లాగ్ షీట్‌లో కంప్లైంట్ రాస్తాడు. బ్రేక్ గట్టిగా పడటం లేదు, స్టీరింగ్ ఎడమకు లాగుతోంది, ఇలా ఏదైనా. మేం ఆ పని చేసి దాని పక్కన సంతకం పెట్టాలి. బ్రేక్ కంప్లైంట్ ఉన్న బస్సు సంతకం లేకుండా గేటు దాటకూడదు. బస్సులు తక్కువున్న రోజుల్లో "ఇవ్వాళ్టికి పంపించు" అనే ఒత్తిడి మా మీదా ఉండేది. అయినా కాగితం మీద పేరుంటుంది కాబట్టి చేయి వణికేది. రేపు ఏదైనా జరిగితే అడిగేది ఆ సంతకం పెట్టినవాణ్నే.

పోలీసు బండి నడిపేది చాలాచోట్ల హోంగార్డు. ఆయన కంటే పెద్దవాళ్లే స్టేషన్లో అందరూ. బండి బాగాలేదని ఎస్‌ఐ గారికి చెబుతాడు. ఆయనకేమో బందోబస్తు, కోర్టు, వారంట్లు, వీఐపీ పర్యటన. బండిని ఎంటీ (మోటార్ ట్రాన్స్‌పోర్ట్) విభాగానికి రిపేరుకు పంపితే ఎప్పుడు తిరిగొస్తుందో తెలియదు, దాని బదులు ఇంకోటి ఇవ్వరు. అందుకని "ఎట్లనో అట్ల నడిపియ్యి" అంటారు. ఎస్‌ఐ గారి తప్పు కూడా ఇందులో పెద్దగా లేదు. ఉన్న ఒక్క బండిని పంపి రాత్రంతా ఎలా నెట్టుకొస్తాడు? చివరికి చిన్న రిపేర్లు స్టేషన్ పక్కన మెకానిక్ షాపులో అయిపోతాయి. ఆ బిల్లు ఎవరి జేబులోంచి పోతుందో మీకు తెలియనిది కాదు. ఆ బిల్లు రికార్డులో ఉండదు కాబట్టి ఆ బండికి ఏ జబ్బూ లేనట్టే పై ఆఫీసులో లెక్క. మెకానిక్ ఊరికే చేస్తే అదింకో తలనొప్పి. రేపు అతని కేసొకటి స్టేషన్‌కి వస్తే?

4. రోడ్డు పక్కన ఆగిన బండే అన్నిటికంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది.

యాక్సిడెంట్ జరిగిన చోట మీ బండి వెనక నిలబడి జనాన్ని కాపాడుతుంది. మరి దాని వెనక ఎవరు? అమెరికాలో పోలీసులు చాలా ఏళ్లు వాడిన ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా కారులో పెట్రోల్ ట్యాంకు వెనక ఇరుసుకు, బంపర్‌కు మధ్య ఉండేది. హైవే పక్కన ఆగి ఉన్నప్పుడు వెనక నుంచి వేగంగా వచ్చిన వాహనాలు గుద్ది, మంటలంటుకుని పోలీసులు చనిపోయిన సంఘటనలు జరిగాయి. గొడవ పెద్దదయ్యాక 2002లో ఆ కంపెనీ పోలీసు కార్ల ట్యాంకులకు రక్షణ కవచాలు ఉచితంగా బిగిస్తామని ప్రకటించాల్సి వచ్చింది. మన దగ్గర కారు వేరు, ట్యాంకు వేరు. రోడ్డు పక్కన ఆగడం మాత్రం ఒకటే. ఏటూరునాగారం వైపు ఇసుక లారీలు, భూపాలపల్లి బొగ్గు టిప్పర్లు, కరీంనగర్ గ్రానైట్ లారీలు రాత్రంతా తిరిగే రోడ్లు మనవి. పస్రా, తాడ్వాయి అడవి దారిలో వీధి లైటన్నది ఉండదు. కరీంనగర్–వరంగల్ రోడ్డు విస్తరణ పనుల వల్ల డైవర్షన్లు, దుమ్ము ఉండనే ఉన్నాయి. అలాంటి చోట బ్యాటరీ దిగిపోతుందని బీకన్ ఆపేసి, రిఫ్లెక్టర్ స్టిక్కర్ ఊడిపోయిన బండిని చీకట్లో నిలబెడుతున్నారు. వెనక డిక్కీలో కోన్లు కూడా లేని బండ్లు చూశాం. దాని పక్కన నిలబడేది కానిస్టేబులే కాదు, గాయపడ్డవాళ్లు, సాయానికి ఆగిన మామూలు జనం కూడా.

5. లోపల కూర్చున్నవాళ్లకు రక్షణ లేదు.

మేం బెల్టు పెట్టుకోకపోతే ఫోన్‌కి చలానా వస్తుంది, రావాలి కూడా. బొలెరో లాంటి బండ్లలో వెనక అడ్డంగా ఎదురెదురు సీట్లు ఉంటాయి. అక్కడ కానిస్టేబుళ్లు, ఒక్కోసారి అదుపులోకి తీసుకున్న మనిషి, ఒక్కోసారి ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన ఆడమనిషి కూర్చుంటారు. వాళ్లు పట్టుకునేది పైన కడ్డీనే. కార్లలో ముందు సీటు ఇద్దరికీ ఎయిర్ బ్యాగ్ తప్పనిసరి అయింది 2021లో. అంతకుముందు కొన్న బండ్లకు ఆ నిర్బంధం లేదు. అవి ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.

బండి కొన్నాక లైట్లు, సెట్లు, కెమెరాలు బిగించేటప్పుడు చేసే రంధ్రాల గురించి కూడా ఒక మాట. 2017లో అమెరికాలోని ఆస్టిన్ నగర పోలీసులు దాదాపు 400 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలను ఒక్కసారిగా డ్యూటీ నుంచి తప్పించారు. లోపల కూర్చున్న పోలీసులకు కార్బన్ మోనాక్సైడ్ సోకుతోందన్నది కారణం. పోలీసు పరికరాలు బిగించడానికి చేసిన రంధ్రాలను సరిగా మూయకపోవడం వల్ల పొగ లోపలికి వస్తోందని కంపెనీ చెప్పింది. మన పెట్రోలింగ్ బండ్లలో అద్దాలెత్తుకుని, ఏసీ వేసుకుని, ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని రాత్రంతా కూర్చుంటారు. పొగలోని ఆ విషవాయువుకు వాసన ఉండదు, ముందు తలనొప్పి, తర్వాత మగత. నైట్ డ్యూటీలో నిద్రొచ్చిందని మెమో ఇచ్చే ముందు బండి కింద సైలెన్సర్ ఒకసారి చూపించండి.

6. ఢీకొన్నా బీమా ఉండదు.

మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్, వ్యాపారానికి వాడని ప్రభుత్వ వాహనాలను థర్డ్ పార్టీ బీమా నుంచి మినహాయించింది. అంటే బ్రేక్ పడని పోలీసు బండి ఒక కూలీని గుద్దితే, ఆ కుటుంబం ట్రిబ్యునల్లో కేసు వేయాల్సింది నేరుగా ప్రభుత్వం మీద. బీమా కంపెనీతో కొట్లాడటమే కష్టం. ఇక సర్కారుతో కొట్లాడాలంటే కూలి పని మానుకుని ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలి.

7. పదిహేనేళ్ల గడువు వీటికి సరిపోదు.

2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ చెల్లదు. శాంతిభద్రతల కోసం వాడే ప్రత్యేక, కవచ వాహనాలకు మినహాయింపు ఇచ్చారు. పెట్రోలింగ్ కారును ఆ మినహాయింపులోకి లాగకూడదు. అసలు రోజుకు గంటో రెండు గంటలో తిరిగే ఇంటి కారుకు పదిహేనేళ్లు సరే. ఇరవై నాలుగు గంటలూ చేతులు మారుతూ తిరిగే బండికి కూడా అదే లెక్క వేస్తే ఎలా? 2014లో రాష్ట్రం వచ్చిన కొత్తలో హైదరాబాద్ పోలీసులకు ఇన్నోవాలు ఇచ్చినప్పుడు దేశమంతా చూసింది. ఆనాటి బండ్లకు ఇప్పుడు పదేళ్లు దాటిపోయాయి. కొత్తవి వస్తే ముందు రాజధానికి, అక్కడ వాడి దించినవి మన జిల్లాలకు అన్న అనుమానం మా వైపు జనంలో గట్టిగా ఉంది. అది తప్పయితే లెక్కలు బయటపెట్టి తప్పని చూపించండి, సంతోషిస్తాం.

అందుకే మేం అడుగుతున్నవి ఇవి. కొన్నింటికి పైసా ఖర్చు లేదు.

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది: ప్రతి బండికీ ఒక కంప్లైంట్ పుస్తకం పెట్టండి. బ్రేక్, స్టీరింగ్, టైరు, ముందు లైట్లు, ఈ నాలుగింటిలో దేని మీద డ్రైవర్ రాసినా, బాగుచేసిన మనిషి సంతకం పడేదాకా ఆ బండి కదలకూడదు. కదిలించాలనుకున్న అధికారి ఎవరైనా సరే, కారణం రాసి తన పేరుతో సంతకం పెట్టాలి. రాసిన డ్రైవర్‌ను, ముఖ్యంగా హోంగార్డును, ఆ కారణంతో డ్యూటీ మార్చడం గానీ తిప్పి పంపడం గానీ చేయకూడదని లిఖితపూర్వకంగా ఆదేశం ఇవ్వండి.

రెండోది, ప్రతి సబ్ డివిజన్‌కు మంచి కండిషన్‌లో ఉన్న స్పేర్ బండి ఒకటి. అది లేకుండా మొదటి ఆదేశం కాగితం మీదే ఉండిపోతుంది. జాతర, ఎన్నికల బందోబస్తుకు దాన్ని కూడా లాక్కుపోవద్దు.

మూడోది, సర్వీసింగ్‌ను కిలోమీటర్లతో పాటు ఇంజన్ గంటల ప్రకారం చేయండి. గంటల మీటర్ పెద్ద ఖరీదేం కాదు. బీకన్‌కు, వైర్‌లెస్‌కు వేరే బ్యాటరీ పెట్టండి. ఏడాదికోసారి, వానలకు ముందు, పోలీసు శాఖకు సంబంధం లేని మెకానికల్ ఇంజనీరుతో బ్రేకులు, టైర్లు, సైలెన్సర్ తనిఖీ చేయించండి. వరంగల్‌లో ఎన్‌ఐటీ ఉంది, పాలిటెక్నిక్ ఉంది. మనుషులకు కొదవ లేదు.

నాలుగోది, హైవే మీద తిరిగే ప్రతి బండిలో కోన్లు, రిఫ్లెక్టర్ జాకెట్లు, వెనక పూర్తి వెడల్పున మెరిసే పట్టీ, ఫస్ట్ ఎయిడ్ కిట్ ఉండాలి. షిఫ్టు మారినప్పుడల్లా చూసి సంతకం పెట్టించండి. అడ్డ సీట్లలో జనాన్ని తీసుకెళ్లడం మానేయండి.

ఐదోది, కొత్త బండ్లు కొనే ముందు ఈ ప్రాంత రోడ్ల మీద, ఈ ఎండలో నడిపి చూడండి, ఫలితాలు బయటపెట్టండి. అమెరికాలో మిషిగన్ రాష్ట్ర పోలీసులు ప్రతి ఏటా పోలీసు కార్ల బ్రేకులు, వేగం, లోపలి సౌకర్యం పరీక్షించి ఆ వివరాలు అందరికీ అందుబాటులో పెడతారు. దాని వల్ల అక్కడ రహస్యాలేవీ బయటపడలేదు.

ఆరోది, జిల్లాల వారీగా ఎన్నేళ్ల బండ్లు ఎన్ని, కండెమ్ చేయాల్సినవి, అంటే పనికిరావని పక్కన పెట్టాల్సినవి ఎన్ని, రిపేరుకు పోయి తిరిగి రానివి ఎన్ని అన్నది ఆరు నెలలకోసారి ప్రకటించండి. బండి నంబర్లు, తిరిగే దారులు మాకు అక్కర్లేదు. పోలీసు బండి గుద్దిన కేసుల్లో బాధితులకు వెంటనే కొంత సొమ్ము ఇచ్చే ఏర్పాటు కూడా దీంతోపాటే చేయండి.

డబ్బులు ఎక్కడివి అంటారేమో. పోలీసు బలగాల ఆధునికీకరణకు కేంద్రం 2021–26 కాలానికి 26,275 కోట్ల పథకం ఆమోదించింది. రాష్ట్ర బడ్జెట్ ఉంది. మా ఎమ్మెల్యేలు, ఎంపీలు ఈ లేఖ చదువుతారు కాబట్టి వాళ్లకూ చెబుతున్నాం: కొత్త బండ్లకు జెండా ఊపే ఫొటోలు చూశాం. ఈసారి పాత బండ్ల రిపేరు ఖర్చు పద్దు ఎంతో అసెంబ్లీలో అడగండి.

ఈ లేఖ ప్రతిని సంబంధిత కార్యాలయాలకు పోస్టులో పంపాం. సమాచార హక్కు కింద మొదటి అప్పీలు కూడా వేశాం. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి, ఆ మిరప కూలీల కుటుంబాలతో కలిసి వస్తాం. కంప్లైంట్ పుస్తకం ఎలా ఉండాలో ఒక నమూనా నేనే గీసి ఈ లేఖకు జతచేశాను. పనికొస్తే వాడుకోండి, మార్పులుంటే చెప్పండి.

ఇట్లు,
హన్మకొండ–ములుగు రోడ్డు కాలనీలు, గ్రామాల వాసుల తరఫున
ఒక రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్